రెండు తొట్ల రంగు

"ఆపు నాన్నా! ఆపమంటుంటే వినపడటం లేదా?"

చిన్నది అద్దకం షెడ్డు గుమ్మం దాటేలోపే తొట్టి ఒరిగిపోయింది. పొద్దుటి నుంచి కాచిన రంగునీళ్ళు గచ్చంతా పరుచుకుని కాలువ దారి పట్టాయి. కలియబెట్టే కర్ర చేత్తో పట్టుకుని, పామును కొట్టి చంపినవాడిలా రొప్పుతూ నిలబడ్డాడు నాన్న.

"అయిపోయింది," అన్నాడు. "ఇక ఆ నేరేడు రంగు ఊసు నా దగ్గర ఎత్తకు."

"ఎత్తకపోతే ఎలా? సాయంత్రం ఆవిడ వస్తే ఏం చూపించను? ఈ గచ్చు చూపించనా?"

"ఒప్పుకున్నది నువ్వు. నన్నడిగి ఒప్పుకున్నావా?"

"అడిగితే నువ్వు ఎప్పుడైనా సరే అన్నావా, ఏ విషయంలోనైనా?"

నాన్న కర్రను గోడకు ఆనించి, చేతులు కడుక్కోకుండానే పెరట్లోకి వెళ్ళిపోయాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో వాదించడం కంటే ఆ గోడతో వాదించడం నయం. గోడ కనీసం లేచి వెళ్ళిపోదు.

నలభై దాటినా ఆ ఇంట్లో ఆమె చిన్నదే. షెడ్డు తాళాలు ఎప్పుడో ఆమె చేతికొచ్చాయి. సరుకు తెచ్చేది ఆమె, గుడ్డ ముంచేది ఆమె, పనివాళ్ళకు జీతాలిచ్చేది ఆమె. మాట మాత్రం ఇంకా నాన్నదే. పెత్తనం లేని తాళాలు ఎంత బరువుగా ఉంటాయో ఆమెను అడిగితే చెబుతుంది.

పాత ఫుట్‌బాల్ స్టేడియం పడగొట్టబోతున్నారు. పడగొట్టేలోపు అక్కడ ఆఖరిసారి ఒక పెద్ద మ్యాచ్ పెట్టారు. జెండాలు, మఫ్లర్లు, ఆటగాళ్ళ చొక్కాలు అన్నీ వెనకటి నేరేడు రంగులోనే ఉండాలని జట్టు ఆఫీసులో పనిచేసే ఒకావిడ పట్టుబట్టింది. ఎవరి పెట్టెలోనో దొరికిన పాత మఫ్లర్ ముక్క తెచ్చి చిన్నది చేతిలో పెట్టి, "ఇదే రంగు కావాలండీ. దీని చెల్లెలూ వద్దు, దీని పిన్నమ్మ కూతురూ వద్దు" అని నవ్వుతూ చెప్పి వెళ్ళింది. నమూనా నచ్చితే పని వీళ్ళకు, నచ్చకపోతే మిల్లుకు. మిల్లుకు పోయిందంటే షెడ్డు మూతపడుతుంది. ఈ ఏడాది చేతిలో వేరే పని లేదు.

వారం రోజులుగా చిన్నది బజార్లో దొరికే పొడులన్నీ కలిపి చూసింది. ఒకసారి వంకాయ రంగు వచ్చింది, ఒకసారి ఇటుక రంగు వచ్చింది, ఒకసారి ఎవరూ పేరు పెట్టడానికి సాహసించని రంగు వచ్చింది. నాన్నను బతిమాలింది, దెప్పింది, అలిగింది. చివరికి ఇవాళ పొద్దున్న ఆయన తనంతట తనే లేచి, "తప్పుకో, నేను చూస్తాను" అని షెడ్డు తలుపు దగ్గరికి వేసుకున్నాడు. ఆమె సంబరానికి హద్దు లేకపోయింది. ఆ సంబరమే ఇప్పుడు కాలువలో పారుతోంది.

చీపురు తీసుకుని గచ్చు మీది నీళ్ళు తోస్తుంటే ఆమెకు ఏడుపొచ్చింది. ఆర్డరు పోతోందన్నది ఒక ఏడుపు. ఆ రంగే ఆయన తనకు ఇవ్వనంటున్నాడన్నది ఇంకో ఏడుపు. రెండోదే పెద్దది.

ఎందుకంటే ఆ రంగుతోనే ఆమెకు ఊహ తెలిసింది. అప్పుడు ఆమెకు అయిదేళ్ళు. పెద్ద ఫైనలు. ఇంటిల్లిపాదీ వెళ్ళారు. కొత్త గౌను ఇంకా రంగు వాసన వేస్తోంది. గ్యాలరీ చెక్కల మీద నిలబడితే ఆమెకు కనబడింది జనం వీపులే. అంతలో ఎవరో చంకల కింద చేతులు వేసి పైకి లేపారు. ఒక్కసారిగా పచ్చటి నేల, మనుషులు, బంతి అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. గోలు పడింది. గోల్‌కీపరు తీగ మీంచి జారిన తడిబట్టలా నేల మీద పడి ఉన్నాడు. కింద భుజాలు ఎగిరెగిరి గంతులేస్తుంటే ఆమె నాలుక కరుచుకుంది. నోరంతా రక్తం. అయినా నవ్వుతూనే ఉంది.

నాన్న భుజాలు. ఎప్పుడూ ముద్దుచేయని, బడిలో బహుమతి వచ్చినా "ఊఁ" అని ఊరుకునే నాన్న ఆ ఒక్కరోజు తనను నెత్తిన పెట్టుకుని గంతులేశాడు. ఆయన మీద ఎంత కోపమొచ్చినా ఆమె ఆ ఒక్కరోజునే తలుచుకుని ఓర్చుకుంది. అంత అపురూపమైన రోజు గురించి ఆమె నోరెత్తితే చాలు, ఆయన లేచి వెళ్ళిపోతాడు. ఎందుకో ఆమెకు ఇవాళ్టికీ అర్థం కాలేదు.

*

మధ్యాహ్నం భోజనానికి అన్నయ్య వచ్చాడు. వీధి చివర అతనికి కళ్ళజోళ్ళ షాపు ఉంది. లోకంలో అందరి చూపూ సరిచేస్తాడు గాని, ఎదురుగా చెల్లెలి మొహం ఎలా ఉందో మాత్రం అతనికి కనబడదు.

"కార్లు పెట్టుకునేందుకు షెడ్డు అడిగినాయన మళ్ళీ వచ్చాడే," అన్నాడు కూర్చుంటూనే. "నెలాఖరుకి ఖాళీ చేస్తే..."

"ఇంకా సాయంత్రం కాలేదు కదా అన్నయ్యా. శవం లేవకుండానే పంపకాలా?"

"ఆ మాటలేంటే, అన్నం ముందు కూర్చుని," అంది అమ్మ.

"మరేమనాలమ్మా? పొద్దుటి నుంచి కాచిన రంగంతా ఆయన కాలువపాలు చేశాడు. మొండితనం కాకపోతే ఏంటది? తెలిసిన పని కూతురికి నేర్పితే చేతులు అరిగిపోతాయా?"

అమ్మ ఆమె కంచంలోకి చూస్తూ, "కొంచెం పెరుగు వెయ్యనా?" అంది.

"నాకొద్దు. పెరుగు వేసుకుంటే రంగొస్తుందా?"

అన్నయ్య నవ్వాడు. ఆ నవ్వుతో చిన్నదానికి ఒళ్ళు మండిపోయింది.

"నీకు నవ్వులాటగానే ఉంటుంది. ఆ రంగంటే నీకేం గుర్తుంది? ఆ ఫైనలంటే ఏం గుర్తుంది?"

"దాహం," అన్నాడు అన్నయ్య. "నాలుక పిడచగట్టుకుపోయింది. నీళ్ళ దగ్గర ఇంత బారు. అంతే."

"అంతేలే. నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుంటే నువ్వు కింద కుళ్ళుకుంటూ నిలబడ్డావు. నీకు దాహం కాక ఇంకేం గుర్తుంటుంది?"

అతనికి రోషం వచ్చింది. ముద్ద కంచంలో వదిలేశాడు.

"ఎన్నాళ్ళు వినాలే నీ భుజాల పురాణం? ఆయన ఆ రోజు ఆట చూస్తే కదా! ఒక్క నిమిషం కూడా గ్రౌండు వైపు తిరగలేదు ఆయన!"

ఆ మాట అన్నాక అతనికే నాలుక కరుచుకోవాలనిపించింది. అమ్మ వైపు చూశాడు. అమ్మ పెరుగు గిన్నె మీద మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. తల్లీకొడుకులిద్దరూ తేలుకుట్టిన దొంగల్లా కూర్చున్నారు.

"ఏంటది?" అంది చిన్నది. "ఎందుకు చూడలేదు?"

"ఏం లేదు. తిను ముందు."

"అమ్మా."

"ఎప్పటి మాటో ఇప్పుడెందుకే..."

"నేను తినను. నువ్వు చెప్పేదాకా ఇక్కణ్ణుంచి లేవను కూడా. చెప్పు. ఆయన ఆట చూడకపోతే నేను ఎవరి భుజాల మీద కూర్చున్నాను?"

వీధిలో ఎవరిదో బండి స్టార్టు కానని మొరాయిస్తోంది. చివరికి అమ్మ గొంతు తగ్గించి, "మీ బాబాయివి," అంది.

బాబాయి పేరు ఆ ఇంట్లో వినబడి ఎన్నేళ్ళయిందో. నాన్నకు ఒక్కగానొక్క తమ్ముడు. ఇద్దరూ కలిసే షెడ్డు పెట్టారు. తర్వాత వాటాల దగ్గర గొడవలొచ్చి బాబాయి వేరే ఊరు వెళ్ళిపోయాడని చిన్నదానికి చెప్పారు. అన్నదమ్ములన్నాక వాటాల గొడవ రావడం వింత కాదు కనుక ఆమె ఇంకేమీ అడగలేదు.

"వాటాలూ లేవు, గీటాలూ లేవు," అంది అమ్మ. "ఆ ఫైనలు రోజున నీకు తెల్ల గౌను వేద్దామన్నాన్నేను. జనంలో తప్పిపోతే తెలుస్తుందని. మీ నాన్న వింటేనా! 'నా రంగు వెయ్యి. నా చేత్తో ముంచిన గుడ్డని కోసు దూరం నుంచి పోలుస్తాను' అన్నారు. అదీ ఆయన గొప్ప. ఆ వారమంతా అన్నదమ్ములిద్దరూ రాత్రింబవళ్ళు వేసింది ఆ రంగే. జెండాలు వాళ్ళవే, చొక్కాలు వాళ్ళవే. అక్కడికెళ్ళి చూస్తే ఏముంది? ఎటు చూసినా ఆయన రంగే."

చిన్నది కదలకుండా వింటోంది.

"నీ చెయ్యి పట్టుకోమని నాకు చెప్పారు," అన్నాడు అన్నయ్య, కంచంలోకి చూస్తూ. "నీళ్ళకోసం వదిలేశాను. వచ్చి చూస్తే నువ్వు లేవు."

"నీకు ఏమీ కనబడటం లేదని మీ బాబాయి నిన్ను ఎత్తుకుని పై వరసకి తీసుకెళ్ళాడు," అంది అమ్మ. "మీ నాన్నకి సైగ చేశానని వాడంటాడు. ఈయన చూళ్ళేదంటారు. చూడలేదు కూడా. కొనుక్కున్నవాళ్ళకి చొక్కాలు చూపించి మురిసిపోతున్నారు. తిరిగి చూస్తే పిల్ల లేదు. ఇక ఆ జనంలో పడ్డారు. నేరేడు గౌను కనబడితే చాలు, పోయి భుజం పట్టుకుని తిప్పడం. వేరే మొహం. ఇంకో గౌను, ఇంకో మొహం. ఒకావిడ పిల్లల్ని ఎత్తుకుపోయేవాడనుకుని ఆయన చొక్కా పట్టుకుంది కూడా. సరిగ్గా అప్పుడే గోలు పడింది. జనమంతా ఒక్కసారి ఎగిరితే మెట్ల మీద పడిపోయారు. మోకాలు చీరుకుపోయింది. ఈ తొక్కిడిలో పిల్ల ఎక్కడ నలిగిపోయిందో అని ఒకటే అరుపు. అంత గోలలో ఆయన అరుపు ఎవరు వింటారు?"

"ఆట అయిపోయాక గేటు దగ్గర దొరికావు," అన్నాడు అన్నయ్య. "బాబాయి భుజాల మీద నవ్వుతూ వస్తున్నావు. నీ గడ్డమంతా రక్తం."

"నాలుక కరుచుకున్నాను," అంది చిన్నది నెమ్మదిగా.

"ఆయనకి అదెలా తెలుస్తుందే? ఊరంతా చూస్తుండగా తమ్ముణ్ణి చెంప మీద కొట్టారు. వాడు ఒక్క మాట అనలేదు. నిన్ను దింపి నాకిచ్చాడు. ఆ వారంలోనే వెళ్ళిపోయాడు."

"మరి నాకు నాన్న భుజాలని ఎవరు చెప్పారు?"

అమ్మ కొంగు మడత పెట్టుకుంది. మడిచిందే మళ్ళీ మడిచింది.

"నేనే. నువ్వు పొద్దస్తమానం బాబాయి భుజాలు, బాబాయి భుజాలు అనేదానివి. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయేవారు. చూళ్ళేక, నాన్నే ఎత్తుకున్నాడమ్మా అని చెప్పాను. చెప్పగా చెప్పగా నీకూ అదే నిజమైపోయింది. ఇల్లు సర్దుకుంది."

"బాగానే సర్దావమ్మా," అంది చిన్నది. "అందర్నీ సర్దావు. నన్నొక్కదాన్నే మోసం చేసి."

"అంత మాటనకే..."

"ఇంకేమనాలి? నా జన్మకి ఆయన నన్ను ముద్దుచేసిన రోజు అదొక్కటే అనుకున్నాను. అదీ ఆయనది కాదా?"

అన్నయ్య లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళబోయి ఆగాడు. "ఇంకోటి కూడా చెప్పెయ్యమ్మా," అన్నాడు. "ఇన్ని చెప్పాక అదెందుకు దాచడం?"

"ఆయన రంగు ఇవ్వనని కాదే," అంది అమ్మ. "ఆయన దగ్గరుంటే కదా ఇవ్వడానికి! నేరేడు రంగుకి ముందు నీలం తొట్టిలో ముంచాలి, ఆనక ఎరుపు తొట్టిలో. నీలం ఆయన చూసేవారు. ఎరుపు మీ బాబాయి చూసేవాడు. ఒకరి తొట్టిలో ఒకరు చెయ్యి పెట్టేవాళ్ళు కాదు. పొద్దున్న తలుపేసుకుని ఆ ఎరుపు కోసమే తంటాలు పడ్డారు. రాలేదు. రాలేదని నీతో అనలేక పారబోశారు."

*

నాన్న పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని చేతులు తోముకుంటున్నాడు. గోళ్ళలో చేరిన రంగు ఎంతకీ వదలడం లేదు. చిన్నది వచ్చి ఎదురుగా నిలబడినా తలెత్తలేదు.

"అమ్మ చెప్పింది," అంది.

"చెబుతుంది. ఆవిడ కడుపులో ఏ మాటా నిలవదు."

"ఇన్నేళ్ళు నిలిచింది నాన్నా. ఇవాళే బయటపడింది."

ఆయన చేతిలో సబ్బు జారిపోతే వెతుక్కుని తీసుకున్నాడు.

"బాబాయిని పిలుద్దాం."

"నా కంఠంలో ప్రాణముండగా వాడు ఈ గడప తొక్కడు."

"ఆయన చేసిన తప్పేంటి? నాకు ఆట చూపించాడు. అంతేగా?"

"నిన్ను చంపేశాడనుకున్నాను!" నాన్న గొంతు ఒక్కసారిగా లేచింది. "అర్థమైందా? ఇంటికెళ్ళి మీ అమ్మకి... కాదు, మీ అమ్మ అక్కడే ఉంది. ఆవిడ మొహం ఎలా చూడాలా అనుకున్నాను. వాడేమో పైన గంతులేస్తున్నాడు."

చిన్నదానికి జాలి కలిగింది. కాని జాలి కంటే విసుగు ఎక్కువైంది. ఒక్క మాట, "నీ కోసం వెతికానమ్మా" అన్న ఒక్క మాట ఎప్పుడైనా అని ఉంటే, ఆ భుజాలు ఎవరివైతే ఆమెకేం? ఆ మాట ఆయన నోట రాదు. తెల్లారిలేస్తే రంగులు కలిపే మనిషి, మనుషుల్ని కలిపే మాట ఒక్కటీ నేర్చుకోలేదు.

"నన్ను వెతికావని నాకెందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పను? నా రంగులో నా పిల్లని నేనే పోల్చుకోలేకపోయానని చెప్పనా?"

ఆమె నడుముకున్న తాళాల గుత్తి తీసి కుళాయి గట్టు మీద పెట్టింది.

"సరే. అయితే ఇవి నువ్వే ఉంచుకో. సాయంత్రం ఆవిడ వస్తే నువ్వే చెప్పు. కార్లవాడికీ నువ్వే చెప్పు. నా వల్ల కాదు నాన్నా. అసలు విషయం ఏంటో తెలియకుండా నీతో కొట్లాడి కొట్లాడి అలిసిపోయాను. ఇప్పుడు తెలిసింది. తెలిసినా అదే గోడ."

ఆమె వెనుదిరిగింది. గుమ్మం దాకా వెళ్ళింది.

"ఆ గోలు ఎలా పడిందే?" అన్నాడు నాన్న.

ఆమె ఆగిపోయింది. తను సరిగ్గా విన్నదో లేదో తెలియలేదు. ఇన్నేళ్ళలో ఆ ఆట గురించి ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

"కార్నర్ నుంచి వచ్చింది," అంది. "ఎవరో తలతో కొట్టాడు... కాదు, ముందు గోల్‌కీపరు..." చెబుతుంటే ఆమెకే తెలిసింది, తనకు గుర్తున్నది పడిపోయిన గోల్‌కీపరూ ఎగిరే భుజాలూ తప్ప మరేమీ లేదని.

"నువ్వు అయిదేళ్ళదానివి. నీకేం తెలుస్తుంది?" నాన్న మళ్ళీ గోళ్ళు తోముకోవడం మొదలుపెట్టాడు. "ఇలాంటివి చూసినవాణ్ణి అడగాలి."

ఆ మాటకు అర్థం ఏమిటని ఆయనను అడిగితే, అర్థమేమీ లేదంటాడు. చిన్నదానికి ఆయన సంగతి తెలుసు. ఫోను తీసింది. బాబాయి నంబరు లేదు. వెనకే వచ్చి నిలబడిన అన్నయ్య వైపు చూస్తే అతను తల అడ్డంగా ఊపాడు.

గుమ్మంలో నిలబడిన అమ్మ నంబరు నోటికి చెప్పింది. ఎక్కడా తడుముకోలేదు.

నాన్న తలెత్తి భార్య వైపు చూశాడు. "నీకెలా తెలుసు?"

"ముందు ఫోను చెయ్యనివ్వండి," అంది అమ్మ.

ఫోను మోగింది. చాలాసేపు మోగింది. చిన్నది దాన్ని కుళాయి గట్టు మీద, తాళాల పక్కన పెట్టి, అందరికీ వినబడేలా స్పీకరు నొక్కింది.

"ఎవరు?" అంది ముసలి గొంతు ఒకటి. అచ్చం నాన్న గొంతే.

"బాబాయ్, నేను. చిన్నదాన్ని."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"జట్టువాళ్ళు పాత రంగు కోసం వెతుకుతున్నారని విన్నాను," అంది ఆ గొంతు. "ఇవాళో రేపో మీ ఇంటి నుంచి ఫోనొస్తుందనుకున్నాను. వచ్చింది. ఒక్కటే అడుగుతాను, అబద్ధం చెప్పకు తల్లీ. రంగు కోసం చేశావా, మీ నాన్న కోసం చేశావా?"

రంగు కోసమంటే ఫోను పెట్టేస్తాడు. నాన్న కోసమంటే ఈ పెద్దమనిషి ఇక్కణ్ణుంచే కాదని అరుస్తాడు. చిన్నది నాన్న వైపు చూసింది.

నాన్న కుళాయి కట్టేశాడు. తడిచేతులు తుడుచుకోకుండా ఆమె మొహంలోకి చూస్తూ, ఆమె ఏం చెబుతుందా అని ఎదురుచూస్తున్నాడు.